ఇంటర్నెట్ కాల్స్ వచ్చాక టెలిఫోన్ కంపెనీల సంగతేమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాండ్‌లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోన్ పెట్టుకోవాలనుకునేవాళ్లు, ఈ మార్పు వెనుక టెలిఫోన్ కంపెనీల గొడవ ఏమిటో తెలుసుకోవాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. వ్యాపారానికి సంబంధించినవి ముందు, వైర్లూ సెట్టింగుల సంగతులు తర్వాత.

మామూలు ఫోన్ కాల్‌కూ ఇంటర్నెట్ కాల్‌కూ అసలు తేడా ఏమిటి?

పాత పద్ధతిలో నంబర్ నొక్కగానే ఎక్స్ఛేంజీలు మీ ఫోన్ నుంచి అవతలి ఫోన్ దాకా ఒక దారిని మీకోసమే కేటాయిస్తాయి. డిజిటల్ ఎక్స్ఛేంజీల్లో ఆ దారి వెడల్పు ఒక్కో వైపు సెకనుకు 64 కిలోబిట్లు. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 8 బిట్లలో రాస్తే వచ్చే లెక్క అది. మీరు మాట్లాడుతున్నా, మౌనంగా వింటున్నా, ఫోన్ పెట్టేసేదాకా ఆ దారి ఇంకెవరికీ దక్కదు.

ఇంటర్నెట్ కాల్‌లో కేటాయించిన దారంటూ ఉండదు. గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద చిరునామా వేసి, వీడియోలూ వెబ్ పేజీలూ పోయే దారిలోనే వదులుతారు. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు. అవతలి ఫోన్ వాటిని వరసలో పేర్చి మళ్లీ శబ్దంగా మారుస్తుంది. కాల్ మొదలుపెట్టడం, రింగ్ కొట్టించడం, ముగించడం లాంటి పనులు చూసేది సిప్ అనే ప్రోటోకాల్. గొంతును మోసేది ఆర్‌టీపీ. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, కింద సమస్యలు విప్పేటప్పుడు పనికొస్తాయి.

మిగతా కథంతా ఈ తేడాలోంచే పుట్టింది. దారి కేటాయించినప్పుడు నిమిషాలు లెక్కగట్టి డబ్బు అడగడానికి ఆధారం ఉంటుంది. ప్యాకెట్‌కు నిమిషాలూ లేవు, దూరమూ లేదు.

వాట్సాప్ కాల్, ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్, వోల్ట్ (VoLTE) అన్నీ ఒకటేనా?

సాంకేతికంగా దగ్గరి చుట్టాలే, వ్యాపారంగా మాత్రం మూడూ వేరు. యాప్ నుంచి యాప్‌కు వెళ్లే కాల్ టెలిఫోన్ నెట్‌వర్క్‌ను తాకదు, కాబట్టి దాని మీద టెలిఫోన్ కంపెనీకి కాల్ ఛార్జీ రాదు. ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్‌కు మామూలు ఫోన్ నంబర్ ఉంటుంది. దాని నుంచి ఏ ఫోన్‌కైనా చేయవచ్చు, కాబట్టి అవతలి కంపెనీకి కట్టాల్సింది కట్టాలి. వోల్ట్ అంటే మొబైల్ కంపెనీయే తన 4జీ నెట్‌వర్క్ మీద ప్యాకెట్ల రూపంలో మోసే కాల్. ప్రత్యర్థి పనిముట్టును టెలిఫోన్ కంపెనీలు తమ చేతిలోకి తీసుకున్నది ఇక్కడే.

టెలిఫోన్ కంపెనీలకు దెబ్బ సరిగ్గా ఎక్కడ తగిలింది?

దూరపు కాల్స్ మీద, అందులోనూ విదేశీ కాల్స్ మీద. పాత ఏర్పాటులో ఒక దేశం నుంచి మరో దేశానికి కాల్ వెళ్తే, పంపిన కంపెనీ అందుకున్న కంపెనీకి నిమిషానికి ఇంత అని చెల్లించేది. ఆ రేట్లు అసలు ఖర్చుకు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండేవి. చాలా దేశాల్లో ప్రభుత్వ టెలిఫోన్ సంస్థలకు విదేశీ మారకం తెచ్చిపెట్టే మార్గాల్లో ఇదొకటి. ఆ లాభంతోనే లోకల్ కాల్స్‌నూ, గిట్టుబాటుకాని పల్లె లైన్లనూ నెట్టుకొచ్చేవారు. ఈ రేట్లకు పరిమితులు పెడుతూ అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1997లోనే ఉత్తర్వు ఇచ్చింది. అంటే ఇంటర్నెట్ ముదరక ముందే ఆ గోడ బీటలు వారింది. దాన్ని పూర్తిగా పడగొట్టింది మాత్రం ఇంటర్నెట్ కాలే.

1995 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ కంపెనీ ఇంటర్నెట్ ఫోన్ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. డయలప్ మోడెమ్ మీద ఆ కాల్ నాణ్యత అంతంతమాత్రమే. 2003 ఆగస్టులో స్కైప్ వచ్చేసరికి ఇళ్లలో బ్రాడ్‌బ్యాండ్ ఉంది, ఇబ్బంది తీరిపోయింది. వాట్సాప్ 2015లో కాల్స్ మొదలుపెట్టేనాటికి ప్రతి జేబులోనూ స్మార్ట్‌ఫోన్ ఉంది. దూరదేశంలో ఉన్న బిడ్డతో గంటసేపు మాట్లాడటానికి గడియారం చూసుకోవాల్సిన అవసరం పోయింది. ఇది నిజంగా గొప్ప మేలు, ఎవరు నష్టపోయారన్న లెక్కల్లో దీన్ని చిన్నది చేయకూడదు.

రెండో దెబ్బ కనిపించనిది. ఒకప్పుడు తీగ, కాల్, నంబర్, బిల్లు అన్నీ ఒకే కంపెనీ చేతిలో ఉండేవి. ఇప్పుడు తీగ ఒకరిది, కాల్ మరొకరిది. వాడుకరి రోజూ తెరిచే తెర మీద టెలిఫోన్ కంపెనీ పేరే ఉండదు.

కంపెనీలు ఊరుకున్నాయా? ఇంటర్నెట్ కాల్స్‌ను ఆపడానికి ప్రయత్నించలేదా?

గట్టిగానే ప్రయత్నించాయి. 1996 మార్చిలో అమెరికాలో దూరపు కాల్స్ అమ్మే చిన్న కంపెనీల సంఘం యాక్టా, ఇంటర్నెట్ ఫోన్ సాఫ్ట్‌వేర్ అమ్మకాలు ఆపించమని ఎఫ్‌సీసీకి అర్జీ పెట్టింది. ఆ నిషేధం రాలేదు. 2005లో మాడిసన్ రివర్ అనే టెలిఫోన్ కంపెనీ తన బ్రాడ్‌బ్యాండ్ వాడుకరులకు ఇంటర్నెట్ కాల్స్ వెళ్లే పోర్టులను మూసేస్తే, ఎఫ్‌సీసీ జోక్యంతో 15,000 డాలర్లు కట్టి, ఇక అలా చేయనని ఒప్పుకోవాల్సి వచ్చింది. 2011లో నెదర్లాండ్స్‌కు చెందిన కేపీఎన్, మొబైల్‌లో ఇలాంటి యాప్‌లు వాడితే అదనంగా వసూలు చేస్తామని ప్రకటించింది. జనం మండిపడ్డారు. మరుసటి ఏడాదే ఆ దేశ పార్లమెంటు నెట్ న్యూట్రాలిటీని, అంటే ఇంటర్నెట్‌లో ఏ సేవకూ కంపెనీ తేడా చూపకూడదన్న సూత్రాన్ని, చట్టం చేసింది. అదనపు ఆదాయం కోసం వేసిన ఎత్తు అసలుకే ఎసరు తెచ్చింది.

అన్నిచోట్లా అలా జరగలేదు. మొరాకోలో 2016లో ఆపరేటర్లు యాప్ కాల్స్‌ను ఆపేసి, అదే ఏడాది చివర్లో మళ్లీ వదిలారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అనుమతి పొందిన సేవల ద్వారానే ఇంటర్నెట్ కాల్స్ చేయాలన్న నిబంధన ఉంది. కొత్త దేశానికి వెళ్లేముందు అక్కడ ఏ యాప్ కాల్ పనిచేస్తుందో కనుక్కోండి. మెసేజ్‌లు వెళ్తున్నాయి కదా, కాల్ కూడా వెళ్తుందని అనుకోవద్దు. రెంటినీ విడివిడిగా ఆపగలరు.

మా నెట్‌వర్క్ మీద ఉచితంగా వ్యాపారం చేసుకుంటున్నారని కంపెనీలు అంటాయి. అందులో న్యాయం ఉందా?

సగం ఉంది. టవర్లు, తీగలు, స్పెక్ట్రమ్, లైసెన్స్ ఫీజు, అత్యవసర నంబర్ల బాధ్యత అన్నీ టెలిఫోన్ కంపెనీవే. యాప్ కంపెనీకి వీటిలో చాలావరకు లేవు. ఒకే పని చేస్తున్న ఇద్దరిలో ఒకరికే నిబంధనలు ఉండటం సమంజసం కాదన్న మాటను కొట్టిపారేయలేం.

కానీ ఉచితంగా అన్నది తప్పు. వాడుకరి డేటా కోసం డబ్బు కట్టే ఉన్నాడు. తాను కొన్న డేటాలో వీడియో పంపాలో గొంతు పంపాలో నిర్ణయించుకునే హక్కు అతనిదే. పైగా గొంతు మోసే భారం చాలా తక్కువ. ఒక గంట కాల్‌కు అయ్యే డేటా హెచ్‌డీ వీడియో కొద్ది నిమిషాలు చూస్తేనే అయిపోతుంది. కంపెనీలను బాధపెట్టింది నెట్‌వర్క్ మీద పడిన బరువు కాదు, నిమిషానికి వచ్చే ఆదాయం పోవడం. ఆ రెంటినీ కలగాపులగం చేసినప్పుడే చెడ్డ చట్టాలు పుడతాయి.

ఒక కాల్‌కు ఎంత డేటా అవుతుంది?

లెక్క సులువే. గొంతును అంకెలుగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. ల్యాండ్‌లైన్ నాణ్యత ఇచ్చే జి.711 కోడెక్‌లో 20 మిల్లీసెకన్ల ముక్క 160 బైట్లు. దానికి చిరునామా వగైరా హెడర్లు 40 బైట్లు కలుస్తాయి: ఐపీ 20, యూడీపీ 8, ఆర్‌టీపీ 12. మొత్తం 200 బైట్లు, సెకనుకు 50 సార్లు. అంటే ఒక్కో వైపు 80 కిలోబిట్లు. రెండు వైపులా కలిపి నిమిషానికి 1.2 ఎంబీ, గంటకు 72 ఎంబీ.

యాప్‌లలో ఎక్కువగా కనిపించే ఓపస్ కోడెక్ 24 కిలోబిట్ల దగ్గర నడిస్తే ముక్క 60 బైట్లే, హెడర్లతో 100. అంటే నిమిషానికి 0.6 ఎంబీ. ఒక జీబీలో 27 గంటలు మాట్లాడుకోవచ్చు. జి.729 అనే పొదుపు కోడెక్‌లోనైతే గొంతు 20 బైట్లు, హెడర్లు 40 బైట్లు! అందుకే కోడెక్‌ను ఎంత పిండినా ఒక స్థాయి దాటాక ఆదా పెద్దగా ఉండదు.

మా ఇంటర్నెట్ 100 మెగాబిట్లు. అయినా మాట ఎందుకు తెగుతోంది?

ఎందుకంటే గొంతుకు కావలసింది వేగం కాదు, నిలకడ. 80 కిలోబిట్లు చాలిన కాల్‌కు 100 మెగాబిట్లు ఉన్నా ఒకటే, 10 ఉన్నా ఒకటే. చూడాల్సినవి మూడు: ఆలస్యం, ఆలస్యంలో హెచ్చుతగ్గులు, తప్పిపోయిన ప్యాకెట్లు.

నోటి నుంచి అవతలి చెవికి 150 మిల్లీసెకన్ల లోపు చేరితే సంభాషణ సహజంగా ఉంటుందని, 400 దాటకూడదని అంతర్జాతీయ టెలికాం సంఘం జి.114 సిఫార్సు చెబుతుంది. ఫైబర్‌లో వెలుగు ఒక మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది కాబట్టి 10,000 కిలోమీటర్ల దూరానికే 50 ఖర్చయిపోతాయి. ముక్కలు కోయడానికి 20, అవతల వరస పేర్చే జిట్టర్ బఫర్‌కు ఇంకో 40 నుంచి 60. మిగిలేది తక్కువే. 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం మీదుగా వెళ్తే ఒక వైపుకే దాదాపు 250 పోతాయి, అందుకే అక్కడ ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడుతుంటారు.

ఇళ్లలో మాట తెగడానికి పెద్ద కారణం అప్‌లోడ్ నిండిపోవడం. ఎవరో ఫొటోలు క్లౌడ్‌కు పంపుతుంటారు. రూటరో మోడెమో ఆ ప్యాకెట్లన్నింటినీ వరసలో నిలబెడుతుంది, మీ గొంతు ప్యాకెట్ ఆ వరస చివర చేరుతుంది. అప్‌లోడ్ 1 మెగాబిట్ ఉండి, పరికరంలో 256 కేబీ బఫర్ నిండితే, ఆ వరస కరగడానికి రెండు సెకన్లు పడుతుంది. రెండు సెకన్లు ఆలస్యమైన గొంతును జిట్టర్ బఫర్ పారేస్తుంది. మీకు మాత్రం అవతలివాళ్లు చక్కగా వినిపిస్తుంటారు, ఎందుకంటే డౌన్‌లోడ్ ఖాళీగానే ఉంది.

పరీక్షించే పద్ధతి: ముందు ఏ పనీ లేనప్పుడు దగ్గర్లోని సర్వర్‌కు 100 పింగ్‌లు (జవాబు ఎంతసేపట్లో వస్తుందో కొలిచే చిన్న ప్యాకెట్లు) పంపండి. తర్వాత పెద్ద ఫైలు అప్‌లోడ్‌కు పెట్టి మళ్లీ 100 పంపండి. మొదటిసారి 15 మిల్లీసెకన్లుండి రెండోసారి 300 దాటితే రోగం దొరికినట్టే. రూటర్‌లో ఏ ప్యాకెట్ ముందు పోవాలో చూసే స్మార్ట్ క్యూ లేదా క్యూఓఎస్ సెట్టింగ్ ఆన్ చేసి, అప్‌లోడ్ పరిమితిని మీకు నిజంగా వస్తున్న వేగంలో 85 నుంచి 90 శాతానికి పెట్టండి. ఇలా చేస్తే వరస మోడెమ్‌లో కాకుండా మీ రూటర్‌లోనే ఏర్పడుతుంది, గొంతును ముందుకు పంపే అధికారం మీ చేతికొస్తుంది. రెండో పరీక్షలో ఆలస్యం పెరగకుండా ప్యాకెట్లు 1 శాతానికి మించి తప్పిపోతుంటే లోపం లైన్‌లో గానీ వైఫైలో గానీ ఉంది. తేల్చుకోవడానికి ఒకసారి కేబుల్‌తో ప్రయత్నించండి.

వోల్ట్ కూడా ప్యాకెట్లే కదా, యాప్ కాల్ కన్నా నిలకడగా ఎందుకుంటుంది?

మొబైల్ కంపెనీ తన కాల్‌కు రేడియోలో ప్రత్యేక మార్గం ఇస్తుంది కాబట్టి. 4జీలో వోల్ట్ గొంతు క్యూసీఐ 1 అనే తరగతిలో, హామీ ఉన్న వేగంతో పోతుంది. యాప్ కాల్ మిగతా ఇంటర్నెట్‌తో పాటు సాధారణ తరగతిలో పోతుంది. జనం కిక్కిరిసిన చోట తేడా స్పష్టంగా తెలుస్తుంది. కంపెనీల చేతిలో మిగిలిన నిజమైన బలాల్లో ఇదొకటి.

పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌నే ఇంటర్నెట్ కాల్స్‌కు వాడుకోవచ్చా?

వాడుకోవచ్చు. ఏటీఏ అనే చిన్న అడాప్టర్ కావాలి. ఫోన్ తగిలించే ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టు ఉన్నదే తీసుకోండి. ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టు టెలిఫోన్ కంపెనీ లైన్‌ను లోపలికి తీసుకోవడానికి, మీ ఫోన్‌ను దానికి తగిలిస్తే ఏమీ మోగదు.

1. అడాప్టర్‌ను ఈథర్‌నెట్ కేబుల్‌తో రూటర్‌కు కలపండి, ఫోన్ వైరును ఫోన్ అని రాసి ఉన్న పోర్టులో పెట్టండి.
2. అడాప్టర్‌కు ఏ ఐపీ అడ్రస్ వచ్చిందో తెలుసుకోండి. చాలా మోడళ్లలో ఫోన్ ఎత్తి నక్షత్రం గుర్తు మూడు లేదా నాలుగు సార్లు నొక్కితే గొంతు మెనూ వస్తుంది.
3. బ్రౌజర్‌లో ఆ అడ్రస్ తెరిచి, ముందుగా అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి.
4. సేవ ఇచ్చినవాళ్లు పంపిన సిప్ సర్వర్, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ నింపండి. రిజిస్టర్డ్ అని కనిపించాలి.
5. కోడెక్ వరసలో జి.711ను పైన పెట్టండి. అందులో రెండు రకాలున్నాయి: ఉత్తర అమెరికా, జపాన్‌లలో మ్యూ-లా, మిగతా చాలాచోట్ల ఏ-లా.
6. బయటికి ఒకటి, లోపలికి ఒకటి కాల్ చేసి చూడండి. తర్వాత ఒక కాల్‌ను 20 నిమిషాలు కొనసాగించండి. కొన్ని లోపాలు అప్పుడే బయటపడతాయి.

ఇంటి గోడల్లో ఉన్న పాత ఫోన్ వైరింగ్‌ను వాడుకోవాలంటే, బయటి నుంచి వచ్చే కంపెనీ లైన్‌ను ముందు పూర్తిగా ఊడదీయండి. ఆ లైన్‌లో మామూలుగా 48 వోల్టులు, రింగ్ వచ్చేటప్పుడు 90 వోల్టుల దాకా ఉంటుంది. అది ఎఫ్‌ఎక్స్‌ఎస్ పోర్టులోకి ఎదురొస్తే అడాప్టర్ కాలిపోతుంది. గంట మోగే పాత ఫోన్లు నాలుగైదు ఒకే పోర్టుకు తగిలిస్తే రింగ్ శక్తి చాలక ఏదీ సరిగా మోగదు. వేలితో తిప్పే డయల్ ఫోన్ అయితే, ఆ పల్స్ సంకేతాన్ని అర్థం చేసుకునే అడాప్టర్ అవునో కాదో కొనేముందే చూసుకోవాలి. చాలావాటికి ఆ సౌకర్యం లేదు.

ఒకవైపే వినిపిస్తోంది. లేదా సరిగ్గా అరనిమిషానికి కాల్ తెగిపోతోంది. ఎందుకు?

ఈ రెండు ఫిర్యాదులే అన్నిటికన్నా ఎక్కువ, మూలం కూడా దాదాపు ఎప్పుడూ ఒక్కటే: రూటర్.

సిప్ సందేశం లోపల నాకు రావలసిన గొంతును ఫలానా ఐపీ అడ్రస్‌కు పంపండి అని రాసి ఉంటుంది. రూటర్ వెనుక ఉన్న ఫోన్ అక్కడ ఇంటి లోపలి అడ్రస్ రాస్తే, అవతలివాళ్లు గొంతును ఎక్కడికీ చేరని చోటికి పంపుతారు. మీ గొంతు వాళ్లకు చేరుతుంది, వాళ్లది మీకు రాదు.

32 సెకన్ల దగ్గర తెగడానికి కారణం ఇంకా సరదాగా ఉంటుంది. కాల్ ఎత్తినవైపు నుంచి 200 ఓకే అనే సందేశం వెళ్తుంది, దానికి ఏసీకే అనే జవాబు రావాలి. రాకపోతే అదే సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపి, అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు చూసి కాల్‌ను ముగించేస్తుంది. కాబట్టి కాల్ ప్రతిసారీ 32 సెకన్లకే తెగుతుంటే ఇంటర్నెట్‌ను తిట్టుకోకండి, ఏసీకే తప్పుదారి పట్టిందని అర్థం. అదే 15 లేదా 30 నిమిషాల దగ్గర తెగితే, కాల్ ఇంకా బతికే ఉందా అని అడిగే సెషన్ టైమర్ సందేశం చేరడం లేదని అర్థం.

చేయాల్సినవి ఈ వరసలో: రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. సాయం చేయడానికి పెట్టిందే అయినా, సందేశాలను తప్పుగా దిద్ది ఎక్కువసార్లు చెడగొట్టేది అదే. తర్వాత ఇంట్లో రెండు రూటర్లు ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయేమో చూడండి, ఉంటే ఒకదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో (అడ్రస్‌లు మార్చకుండా ప్యాకెట్లను దాటించే పద్ధతిలో) పెట్టండి. అడాప్టర్‌లో బయటి అడ్రస్ ఏమిటో కనుక్కునే స్టన్ ఆన్ చేయండి, దారి తెరిచి ఉంచడానికి మళ్లీ మళ్లీ వెళ్లే కీప్‌అలైవ్ సందేశాన్ని 15 నుంచి 30 సెకన్లకు పెట్టండి. కీప్‌అలైవ్ లేకపోతే రూటర్ కొద్దిసేపటికి దారి మూసేస్తుంది, బయటికి కాల్స్ వెళ్తాయి గానీ లోపలికి రావు.

కాల్ అసలే కలవకపోతే అడాప్టర్ లాగ్‌లో కోడ్ చూడండి. 403 అయితే పాస్‌వర్డ్ లేదా అనుమతి సమస్య. 408 అయితే సర్వర్ నుంచి జవాబే లేదు. 488 అయితే ఇద్దరికీ ఉమ్మడి కోడెక్ లేదు. 401 మాత్రం కనిపించగానే కంగారుపడొద్దు, పాస్‌వర్డ్ అడిగే మామూలు పద్ధతి అది. దాని తర్వాత 200 వచ్చిందా లేదా అన్నదే ముఖ్యం.

నా గొంతే నాకు తిరిగి వినిపిస్తోంది. నా ఫోన్ మార్చాలా?

మీది కాదు. మీకు వినిపించే ప్రతిధ్వని పుట్టేది అవతలివైపు. వాళ్ల స్పీకర్ శబ్దం తగ్గించమనండి, లేదా హెడ్‌సెట్ పెట్టుకోమనండి.

బ్యాంకు మెనూలో అంకెలు నొక్కితే పనిచేయడం లేదు. ఫ్యాక్స్ కూడా సగంలో ఆగుతోంది.

అంకెల శబ్దాన్ని గొంతుతో కలిపి పంపుతుంటే పొదుపు కోడెక్‌లు దాన్ని నలిపేస్తాయి. అడాప్టర్‌లో డీటీఎంఎఫ్ (అంకెల శబ్దాలు పంపే) పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 2833కి మార్చండి, ఎక్కువసార్లు అక్కడితో సరిపోతుంది. ఫ్యాక్స్‌ను ఇంటర్నెట్ మీద పంపే టి.38 పద్ధతి ఆన్ చేయాలి, అదీ సేవ ఇచ్చే కంపెనీ ఒప్పుకుంటేనే. లేకపోతే జి.711 మాత్రమే ఉంచి ఫ్యాక్స్ వేగాన్ని 9,600కు తగ్గించి చూడండి. దొంగల అలారం, లిఫ్టులోని ఫోన్, వృద్ధులు మెడలో వేసుకునే సహాయ బటన్ లాంటివి పాత లైన్ మీద ఉంటే, ఆ పరికరం తయారీదారును అడగకుండా మాత్రం మార్చవద్దు.

కరెంటు పోతే?

ఇక్కడ పాత టెలిఫోన్ కంపెనీకి దండం పెట్టాల్సిందే. రాగి తీగ మీద ఫోన్‌కు కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజ్‌లోని బ్యాటరీల నుంచే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ పనిచేసేది. ఇంటర్నెట్ ఫోన్‌కు మోడెమ్, రూటర్, అడాప్టర్ మూడింటికీ ఇంట్లో కరెంటు కావాలి.

ఈ మూడూ కలిపి 25 వాట్లు వాడతాయనుకుందాం. వాటి అడాప్టర్ల మీద రాసిన అంకెలు కూడితే గరిష్ఠం తెలుస్తుంది. నాలుగు గంటలు నడవాలంటే 100 వాట్-అవర్లు. మార్పిడిలో పోయేది, బ్యాటరీ పాతబడటం కలుపుకొని 150 నుంచి 200 వాట్-అవర్ల యూపీఎస్ తీసుకోండి. అయినా వీధిలో ఉన్న కంపెనీ పెట్టెకు బ్యాకప్ లేకపోతే మీ యూపీఎస్ వృథా. అందుకే ఛార్జ్ ఉన్న మొబైల్ ఒకటి పక్కన ఉండాలి. బ్రిటన్‌లో ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడేవారికి కరెంటు పోయినా కనీసం ఒక గంట అత్యవసర కాల్స్ చేసుకునే ఏర్పాటు ఉండాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ నిర్దేశించింది. ఒక గంట చాలదన్నది మా అభిప్రాయం.

అత్యవసర నంబర్లు పనిచేస్తాయా?

యాప్ కాల్స్ నుంచి పనిచేస్తాయని నమ్ముకోవద్దు. నంబర్ ఉన్న ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్‌లో ఆ సౌకర్యం ఉండాలని అమెరికా 2005లోనే నిబంధన పెట్టింది. అయితే రాగి లైన్ ఏ ఇంటికి వెళ్తుందో ఎక్స్ఛేంజ్‌కు తెలిసినట్టు, ఇంటర్నెట్ కాల్ ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. మీరు నమోదు చేసిన చిరునామానే సహాయక సిబ్బందికి కనిపిస్తుంది. ఇల్లు మారిన రోజే అది మార్చండి. అంబులెన్స్ పాత ఇంటికి వెళ్తే దిద్దుకునే సమయం ఉండదు.

పాత నంబర్ ఉంచుకోవచ్చా?

పోర్టబిలిటీ ఉన్నచోట ఉంచుకోవచ్చు. అందరూ చేసే తప్పు ఒకటే: ముందు పాత కనెక్షన్ రద్దు చేయడం. రద్దయిన నంబర్‌ను పోర్ట్ చేయలేరు. కొత్త కంపెనీ ద్వారా దరఖాస్తు పెట్టి, నంబర్ కదిలాక పాతది దానంతటదే ముగిసేలా చూడండి. దరఖాస్తులో పేరు, చిరునామా పాత బిల్లులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. ఇంకో సంగతి, మీ బ్రాడ్‌బ్యాండ్ అదే రాగి లైన్ మీద డీఎస్‌ఎల్‌గా వస్తుంటే, నంబర్ వెళ్లిన రోజు ఇంటర్నెట్ కూడా పోవచ్చు. దాని సంగతి ముందే తేల్చుకోండి.

రాగి లైన్ల ఫోన్లను నిజంగానే మూసేస్తున్నారా?

అవును, మూసేస్తున్నది టెలిఫోన్ కంపెనీలే. పాత ఎక్స్ఛేంజీల విడిభాగాలు దొరకడం లేదు, వాటిని బాగుచేయగలిగినవాళ్లు రిటైరవుతున్నారు. బ్రిటన్‌లో 2023 సెప్టెంబరు నుంచి కొత్త రాగి ఫోన్ లైన్లు అమ్మడం ఆపేశారు. 2025 డిసెంబరుకల్లా పూర్తిగా మూయాలనుకున్నా, సహాయ బటన్ల మీద ఆధారపడ్డ వృద్ధుల భద్రత దృష్ట్యా 2027 జనవరికి వాయిదా వేశారు. జపాన్‌లో ఎన్‌టీటీ 2024 జనవరి నుంచి తన పాత నెట్‌వర్క్‌ను ఐపీ మీదికి మార్చింది.

ఫోన్ నంబర్ అవసరమే లేకుండా పోతుందా?

ఇప్పట్లో కాదు. ఒక యాప్‌లో ఉన్నవాళ్లు మరో యాప్‌లో ఉన్నవాళ్లకు కాల్ చేయలేరు. ఫోన్ నంబర్ ఉంటే ఏ కంపెనీ వారైనా ఏ కంపెనీ వారికైనా చేయగలరు, ఎందుకంటే కంపెనీలు ఒకదానికొకటి కలిసి ఉండాలని చట్టాలున్నాయి. వాట్సాప్ కూడా మిమ్మల్ని గుర్తుపట్టేది ఫోన్ నంబర్‌తోనే. యాప్ శాశ్వతమన్న భరోసా కూడా లేదు. 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొన్న స్కైప్‌ను 2025 మే 5న మూసేశారు.

విదేశం నుంచి చేసిన కాల్ మామూలు లోకల్ నంబర్‌తో వస్తోంది. ఎందుకు?

సిమ్ బాక్స్ అయ్యే అవకాశం ఎక్కువ. పదుల కొద్దీ సిమ్ కార్డులున్న ఆ పెట్టె, ఇంటర్నెట్‌లో వచ్చిన విదేశీ కాల్‌ను లోకల్ సిమ్ నుంచి చేసినట్టు దింపుతుంది. అందుకునే కంపెనీకి రావలసిన విదేశీ ఛార్జీ ఎగిరిపోతుంది. విదేశీ రేటుకూ లోకల్ రేటుకూ తేడా ఎంత ఎక్కువుంటే ఈ దొంగదారి అంత లాభసాటి, కాబట్టి పోలీసు దాడులకన్నా ఆ తేడా తగ్గించడమే గట్టి మందు.

నంబర్‌నే అబద్ధంగా చూపించడం ఇంకో రకం. కాల్‌కు డిజిటల్ సంతకం జోడించి అసలుదో కాదో తేల్చే స్టర్/షేకెన్ పద్ధతిని అమెరికాలో పెద్ద కంపెనీలు 2021 జూన్ 30 నాటికి అమలు చేయాల్సి వచ్చింది. పాత ఎక్స్ఛేంజ్ మీదుగా వెళ్తే మాత్రం ఆ సంతకం దారిలోనే రాలిపోతుంది.

ఇంటర్నెట్ కాల్స్‌ను ఎవరైనా వినగలరా?

వాట్సాప్ కాల్స్ ఒక చివర నుంచి మరో చివర దాకా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటాయి. ఇంటర్నెట్ ల్యాండ్‌లైన్‌లో సిప్ సందేశాలను దాచే టీఎల్ఎస్, గొంతును దాచే ఎస్‌ఆర్‌టీపీ ఆన్ చేస్తే మీ ఇంటి నుంచి కంపెనీ దాకా రక్షణ ఉంటుంది, అక్కడి నుంచి మామూలు ఫోన్‌కు వెళ్లే భాగంలో ఉండదు. చాలా అడాప్టర్లలో ఈ రెండూ మొదట ఆఫ్‌లో ఉంటాయి.

చిన్న ఆఫీసుకు ఎన్ని లైన్లు కావాలి, దేన్ని జాగ్రత్తగా చూసుకోవాలి?

ఎంతమంది ఉద్యోగులన్నది కాదు, ఒకేసారి ఎన్ని కాల్స్ నడుస్తాయన్నది చూడండి. సాధారణ ఆఫీసులో ముగ్గురు నలుగురికి ఒక ఛానెల్ (ఒకేసారి ఒక కాల్ నడిచే లైన్) సరిపోతుంది, కాల్ సెంటర్‌లో మనిషికొకటి కావాలి. ఒక్కో ఛానెల్‌కు ఒక్కో వైపు 100 కిలోబిట్లు అనుకోండి. పది కాల్స్‌కు అప్‌లోడ్‌లో 1 మెగాబిట్ ఖాళీగా ఉండాలి.

అన్నిటికన్నా భయపడాల్సింది దొంగ కాల్స్‌కు. సిప్ వాడే 5060 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే, దాన్ని వెతికే ప్రోగ్రాములు త్వరలోనే కనిపెడతాయి. 100, 101 లాంటి ఎక్స్‌టెన్షన్లు (ఆఫీసు లోపలి ఫోన్ నంబర్లు) తీసుకుని, పాస్‌వర్డ్ కూడా అదే అంకె అయ్యుంటుందేమోనని చూస్తాయి. తగిలిందా, సెలవు రోజు రాత్రంతా విదేశాల్లోని ఖరీదైన నంబర్లకు కాల్స్ వెళ్తూనే ఉంటాయి. ఆ నంబర్ల ఆదాయంలో దొంగలకు వాటా ఉంటుంది, బిల్లు మీ పేరు మీద వస్తుంది. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ కనీసం 16 అక్షరాల వేర్వేరు పాస్‌వర్డ్ పెట్టండి. అవసరంలేని విదేశీ కాల్స్‌ను కంపెనీ దగ్గరే ఆపించండి. రోజువారీ ఖర్చుకు పరిమితి పెట్టించండి. ఎక్స్‌టెన్షన్లు ఆఫీసు ఐపీ అడ్రస్‌ల నుంచే రిజిస్టర్ అయ్యేలా కట్టడి చేసి, బయట నుంచి పనిచేసేవాళ్లకు వీపీఎన్ ఇవ్వండి.